దీప పేరు మీద ముప్పై ఒక్క సిమ్ములు

మంగ్యా కూతురు దీప పరుగెత్తితే ఎక్స్‌ప్రెస్ రైలు వెనకబడింది. గాలికి అన్న మాట కాదు ఇది. మహబూబాబాద్ స్టేషనుకు ఇవతల గార్డు పెట్టె దగ్గర మొదలుపెట్టి, పద్దెనిమిది పెట్టెలను ఒక్కొక్కటిగా దాటేసి, ఇంజనును కూడా దాటి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. ఇంజను డ్రైవరు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. చూసినవాళ్లు వందమంది ఉన్నారు. చూడనివాళ్లు అయిదు వందలమంది ఉన్నారు, వాళ్లు ఇంకా బాగా చెబుతారు. అందరికంటే బాగా చెప్పేవాడు మంగ్యానే. ఎంత బాగా చెప్పాడంటే, ఒక పేపరు విలేకరి దాన్ని ఫొటోతో సహా అచ్చు వేశాడు. మంగ్యాకు చదువు రాదు. అయినా ఆ ముక్కను కత్తిరించి, దీప గెలుచుకొచ్చిన సర్టిఫికెట్ల పక్కన మేకుకు గుచ్చాడు.

అవి తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు తెరవడం లేదు, భూపాలపల్లిలో బొగ్గు పైకి రావడం లేదు. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే భోజనాలు. అదే సమయానికి పట్నంలో పదకొండు దేశాల ఆడపిల్లలకు పరుగు పోటీలు పెట్టారు. హనుమకొండ హాస్టలులో ఉండి డిగ్రీ మొదటి ఏడు చదువుతున్న దీప, మూడు వేల మీటర్ల పరుగుకు ఎంపికైంది. హాస్టలు కూడా మూసేయడంతో అప్పుడు గుట్టకింది తండాలో ఇంటి దగ్గరే ఉంది.

ఎంపికైనవాళ్లకు పద్నాలుగు పేజీల ఫారం పంపించారు. అంతా ఇంగ్లిషే. పేరు, ఊరు, కులం, రక్తం ఏ రకం, ఒంటి మీద మచ్చలు ఎక్కడ, నెలసరి ఎప్పుడు, ఫోను నంబరు, స్నేహితులు ఎవరు, ఇంట్లో ఎవరైనా ధర్నాలకు పోయారా అని అడిగారు. చివరి పేజీలో, ఈ వివరాలను మేము ఎవరికైనా ఇస్తాం, ఎన్నేళ్లయినా దాచుకుంటాం, మీకు సమ్మతమేనా అని ఉంది. నెలసరి సంగతి వాళ్లకెందుకో దీపకు అర్థం కాలేదు. చివరి పేజీ దగ్గర కలం ఆపి, ఏం చేయమంటావని తండ్రిని అడిగింది. మన దగ్గర దాచుకునేందుకు ఏమున్నది బిడ్డా, చెయ్యి సంతకం అన్నాడు మంగ్యా. ఆ మాట అన్నందుకు తర్వాత తన నెత్తి తానే ఎన్నిసార్లు కొట్టుకున్నాడో లెక్కలేదు.

ఎందుకంటే దాచిపెట్టింది ఒకటుంది. దాచింది కూడా మంగ్యానే.

దీప ఏడో తరగతి నుంచి పోటీలకు పోతోంది. ప్రతి పోటీకీ ఫొటోలు కావాలి. కావలసినవి ఆరయితే స్టూడియో ఆయన ముప్పై రెండు కొట్టి చేతిలో పెట్టేవాడు. మిగిలినవన్నీ పౌడరు డబ్బాలో పడేవి. అట్లా తండా మొత్తంలో సొంత ముఖం కాగితం మీద ఉన్న మనిషి దీప ఒక్కతే. తక్కినవాళ్లకు ఉన్నది రేషను కార్డు మీది ఫొటో. అందులో ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు పడి నిలబడి ఉంటారు, ఎవరు మామో ఎవరు అల్లుడో పోల్చుకోవడం కన్న తల్లికి కూడా కష్టం.

తండాకు ఒక అలవాటు కూడా ఉంది. ఎవరికైనా మంచి జరిగితే ఆ ఏడాదంతా పనులు వాళ్ల చేతి మీదుగా మొదలుపెడతారు. మొదటి పత్తి గింజ వాళ్లు వేయాలి, కొత్తగా కొన్న మేకను వాళ్లే తాడు పట్టి తేవాలి. దీప రాష్ట్ర పోటీల్లో పతకం తెచ్చిన ఏడు ఆ వంతు ఆమెది. ఆమె హాస్టలులో ఉంది కాబట్టి చేతికి బదులు ఫొటో పనికొచ్చింది. మంగ్యా బామ్మర్ది దేవ్యా సెల్‌ఫోను కొన్నప్పుడు, సిమ్ముకు ఫొటో, గుర్తింపు కాగితం కావాలన్నారు. డబ్బాలోంచి మంగ్యా ఒక ఫొటో తీసి, కాలేజీ వాళ్లు ఇచ్చిన కాగితం నకలు జతచేసి ఇచ్చాడు. ఆ సిమ్ము వేసిన ఫోను ఇంట్లో మూలకు కూర్చున్నా మోగింది. అంతే, తండాకు నమ్మకం కుదిరింది. బిడ్డ ముఖమున్న సిమ్ము అడవిల గూడ మోగుతది అని మంగ్యా అడిగినవాళ్లకు అడిగినట్టు ఫొటోలు పంచాడు. కొత్త టవరు తండా పక్కనే పడిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

మహబూబాబాద్ బజారులో సోమేశ్వర్ అనే సేటు సెల్ దుకాణం నడుపుతున్నాడు. ఆయన కూడా ఎవరి ఫొటో ఎవరిదని అడగలేదు. కంపెనీ వాళ్లు నెలకు ఇన్ని సిమ్ములు పోవాలని ఆయన మెడ మీద కూర్చునేవాళ్లు. ఫారాలు నింపేది ఆయన భార్య సుభాషిణి. ముత్యాల్లాంటి రాత ఆమెది.

పోటీలకు పది రోజులుందనగా దీపకు రావలసిన గుర్తింపు కార్డు రాలేదు. ఆ కార్డు మెడలో లేకపోతే స్టేడియం గేటు దాటనివ్వరు. అందరివీ వచ్చాయి. దీప పేరు ఎదురుగా పరిశీలనలో ఉంది అని మాత్రం వచ్చింది. ఎవరు పరిశీలిస్తున్నారు, ఏం పరిశీలిస్తున్నారు అంటే చెప్పేవాళ్లు లేరు. పట్నం ఫోను చేస్తే వరంగల్‌ను అడగమన్నారు, వరంగల్ మహబూబాబాద్‌ను అడగమంది. అయిదు రోజులు గడిచాక మహబూబాబాద్‌లో, గెస్ట్‌హౌసు వెనక గదిలో, పోటీల భద్రత కోసమని కూర్చోబెట్టిన ఒక ఆఫీసరు దొరికాడు. కళ్లజోడు, బల్ల మీద కంప్యూటరు, ఎదుటివాళ్లకు కుర్చీ లేదు.

తండ్రీ కూతుళ్లు నిలబడే ఉన్నారు. ఆయన కంప్యూటరునే చూస్తూ అడిగాడు.

“నీకు ఎన్ని ఫోన్లున్నాయమ్మా?”

“ఒకటి సార్. ఫారంల రాసిన.”

“ముప్పై ఒకటి ఉన్నాయి.”

దీప నవ్వబోయి ఆగింది. ఆయన తెరను ఇటు తిప్పాడు. ముప్పై ఒక్క నంబర్లు, ప్రతి దాని పక్కనా ఆమె ముఖం. కొన్నింట్లో రెండు జడలు, కొన్నింట్లో ఒక జడ. ఆయన వేలు పెట్టి చదివాడు. మొన్న సోమవారం పొద్దున పది గంటల పది నిమిషాలకు జనగామ చౌరస్తా రాస్తారోకోలో ఈ అమ్మాయి ఫోను ఉంది. పది పదిహేనుకు మహబూబాబాద్‌లో రైలు పట్టాల మీద ఉంది. పది ఇరవైకి భూపాలపల్లి గని గేటు ముందు ధర్నాలో ఉంది. ఇదంతా టవర్లు చెప్పిన మాట, అబద్ధానికి వీల్లేదు అన్నాడు.

“పది నిమిషాలల్ల జనగామ నుంచి భూపాలపల్లికి ఉరికిననంటే ఇగ పోటీ ఎందుకు సార్? మెడల్ ఇచ్చి పంపుండ్రి” అంది దీప.

ఆయన నవ్వలేదు. సూటిగా సమాధానం చెప్పలేదు అని కాగితం మీద రాసుకున్నాడు. దీప మెల్లగా తండ్రి వైపు తిరిగింది. మంగ్యా గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన నెలది.

“బాపు, డబ్బల ఫొటోలు ఎన్నున్నయి?”

“జర తగ్గినయి బిడ్డా.”

అట్లా బయటపడింది. మంగ్యా ఆఫీసరుకు మొత్తం చెప్పాడు. డబ్బా సంగతి, మేక సంగతి, అడవిలో మోగే సంగతి కూడా. ఆయన సగం అర్థమైనట్టు, సగం అర్థం చేసుకోవడం ఇష్టం లేనట్టు విన్నాడు. విని, ఫైలులోంచి ఒక పేపరు ముక్క తీశాడు. మంగ్యా ఇంట్లో మేకుకున్న ముక్కే, ఆఫీసు వాళ్లది వేరే కాపీ.

“రైలుతో పందెం పెట్టుకుని గెలిచిందని మీరే చెప్పారట. నిజమేనా?”

ఇంతసేపటికి తనకు తెలిసిన ప్రశ్న వచ్చింది కదా అని మంగ్యాకు ప్రాణం లేచొచ్చింది. నిజమే సార్, పద్దెనిమిది పెట్టెలు అన్నాడు. అయితే ఆరోజు పట్టాల దగ్గర ఉందన్నమాట అన్నాడు ఆఫీసరు.

ఇక్కడ మనం కూడా మొదట చెప్పిన గొప్పను కొంచెం కిందికి దించక తప్పదు. దీప రోజూ పరుగెత్తే హైస్కూలు మైదానంలో అప్పుడు రిలే దీక్షల టెంటు వేశారు. చోటు లేక ఆమె పట్టాల పక్క బాట మీద ఉరుకుతోంది. ఆరోజు రైల్ రోకో. ఎక్స్‌ప్రెస్ పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి ఉంది. అటువంటి రైలును దీపేమిటి, మంగ్యా ముసలి మేక కూడా దాటగలదు. డ్రైవరు దండం పెట్టింది కూడా భక్తితో కాదు, తాగడానికి సీసాడు నీళ్లు తెచ్చిపెట్టమని. మంగ్యా తన కథలో రైలును కొంచెం కదిలించాడు, అంతే.

ఇప్పుడు దాన్ని మళ్లీ ఆపవలసి వచ్చింది. “అది ఆగి ఉండె సార్” అన్నాడు.

“ఎవరు ఆపారు?”

 ఆపినవాళ్లలో మంగ్యా అన్న కొడుకు వీరేందర్ ముందు వరసలో ఉన్నాడు.

“అదే ఆగింది సార్” అన్నాడు చివరికి.

ఆఫీసరు ఒక పెద్ద కాగితం ముందుకు తోశాడు. ముప్పై మంది పేర్లు, తండ్రి పేర్లు, ఏ రోజు ఎక్కడున్నారు, ఎవరు ఫోను చేసి పిలిచారు, అన్నీ రాయించి, సంతకమో వేలిముద్రో వేయించి, సిమ్ములతో సహా తెమ్మన్నాడు. అప్పుడు అమ్మాయికి సంబంధం లేదని తేలుతుంది, కార్డు వస్తుంది. నాలుగు రోజులే టైము. అన్నీ సిద్ధమయ్యాక ఫోను చేయమని కాగితం పైన తన నంబరు రాశాడు. ఏ ఫోనుతో చేయాలి సార్ అని దీప అడిగితే వినిపించనట్టు కంప్యూటరు వైపు తిరిగాడు.

ఇంటికి వచ్చాక మంగ్యా భార్య కమ్లీ అతడికి అన్నం పెట్టింది కాని ఊరికే పెట్టలేదు. ఇంకా ఎవరికన్న ఫొటోలు ఇయ్యాల్నా, ఇంటింటికి నన్ను గూడ పంచి రాపో అంది. దీప బూట్లు వేసుకుని పట్టాల పక్క బాట మీదికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని మంగ్యాకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. బస్సుల్లేవు. తొర్రూరు దాకా ఆటోలో వెనక చక్రం మీద కూర్చున్నాడు, అక్కడి నుంచి జనగామకు పత్తి లారీలో బస్తాల మీద పడుకున్నాడు. దేవ్యా జనగామలో ఆటో నడుపుతాడు. ఆటో మూలకు పెట్టి దీక్ష టెంటులో కూర్చుని ఉన్నాడు. సిమ్ము ఏదంటే, అది టెంటుకు ఇచ్చిన అన్నాడు. టెంటు ఫోను ఏదంటే, అది ఇవాళ కూర్చున్నవాళ్ల దగ్గర ఉంటుంది, ఇవాళ కూర్చున్నవాళ్లు రేపు వేరేవాళ్లకు ఇస్తారు. మూడు టెంట్లు తిరిగితే ఒక మంగలి దుకాణంలో చార్జింగు పెట్టి ఉన్న ఫోను దొరికింది. మంగ్యా నెత్తిన చేతులు పెట్టుకుని దుకాణం గడప మీద కూలబడ్డాడు. క్షవరం చేయాల్నా అని మంగలి అడిగాడు.

కాగితంలో ఏముందో దేవ్యా చదివించుకుని విన్నాడు.

“నేను ఏ రోజు ఏడున్ననో వాళ్లకే ఎరుకనాయె. మల్ల నన్నెందుకు అడుగుడు బావా?”

“అడిగిన్రు, చెప్పు. పిల్ల ఉరకాలె.”

“రాయించు. నా పేరు మొదలు రాయించు. జైల్ల పెడితే ఆటో కిస్తులోడు నన్ను ఆడికొచ్చి వెతకడు” అని సంతకం పెట్టాడు.

భూపాలపల్లికి పోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వరంగల్ దాకా సామాన్ల వ్యాను, పరకాల దాకా పెళ్లి జీపు. జీపులో పెళ్లికొడుకు తరఫు వాళ్లు అతడిని ఆడపిల్ల తరఫు మనిషి అనుకున్నారు. మర్యాద చేసి లడ్డూ పెట్టారు. దిగేటప్పుడు నిజం చెబితే, లడ్డూ తిన్నాక చెబుతావా అని కోప్పడ్డారు. భూపాలపల్లిలో మంగ్యా చెల్లెలు గంగి కూలిపని చేస్తుంది. గని గేటు ముందు రోడ్డు మీద పెద్ద గిన్నెలో పప్పు కలుపుతోంది. అన్న చెప్పిందంతా గరిటె ఆపకుండా విన్నది.

“వేలిముద్ర వేస్త గాని అన్నా, ఫోన్ల నేను నా మొగనితోటి కొట్లాడింది గూడ ఇన్నరా వాళ్లు?”

“ఏమో. ఎక్కడున్నవో ఎరుకంట. ఏం మాట్లాడినవో చెప్పలే.”

“ఇన్నా మంచిదే. తప్పు ఎవరిదో సర్కారే తేలుస్తది” అని గంగి పప్పు అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. ఆ కాగితం మీద పసుపు మరక ఉండిపోయింది.

నాలుగో రోజు పొద్దుటికి మంగ్యా తిరిగొచ్చాడు. తండాలో తక్కినవాళ్లందరినీ కమ్లీ ఈలోగా సిమ్ములతో సహా పోగు చేసింది, వాళ్ల పేర్లూ ఆ కాగితం మీదికి ఎక్కాయి. ఒక్కళ్లూ వద్దనలేదు. ముప్పయ్యో పేరు వీరేందర్‌ది. మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. రేపు పది గంటలకు ఫలానా చోట రోడ్డు మీద కూర్చోవాలని ఊరూరికీ మెసేజిలు పంపేది అతడే, పంపింది దీప సిమ్ముతోనే. అతడి మీద అప్పటికే రెండు కేసులున్నాయి. వచ్చి, ఎవరు పిలిచారు అన్నచోట నేనే అని రాసి, సంతకం పెట్టి, దీప వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

మంగ్యా ఒళ్లంతా పత్తి నూగు, కాళ్లు వాచిపోయాయి. అయినా కాగితాన్ని గెలిచినవాడిలా కూతురి చేతిలో పెట్టాడు. దీప మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివింది. పసుపు మరక దగ్గర కాసేపు ఆగింది.

“బాపు, ఇది ఇస్తే నాకు కార్డొస్తది. వీళ్లకు కేసులొస్తయి.”

“వాళ్లే ఇష్టంగ పెట్టిన్రు బిడ్డా.”

“పెడతరు. నా మీది పావురంతోటి, ప్రేమతోటి పెట్టిన్రు. నేనొక్కదాన్ని ఉరికేతందుకు ముప్పై మందిని పట్టిస్తనా?”

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది, సిమ్ములు ఎవరివి వాళ్లకు ఇచ్చేయమంది. నాలుగు రోజులు, ఒక లారీ, ఒక పెళ్లి, అన్నీ కలిసి ఒక్క నిమిషంలో మండిపోయాయి. మంగ్యాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండింటి మధ్యలో కూతురి మాట సరైనదేనన్న ఎరుక కూడా వచ్చింది. అది మరీ చిరాకు పుట్టించింది. ఎవరి మీదయినా అరవకపోతే బతకలేననుకుని, తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా సోమేశ్వర్ దుకాణానికి పోయాడు. దీప వెనకే వచ్చింది.

సోమేశ్వర్ సమ్మెకు మద్దతుగా దుకాణం షట్టరు సగానికి దించి, లోపల కూర్చుని ఉన్నాడు. మంగ్యా వంగి షట్టరు కింది నుంచే మొదలుపెట్టాడు. సేటూ, ఒకే పిల్ల ముఖం ముప్పైసార్లొస్తే నీకు కండ్లు కనిపించలేదా అని. నువ్వు ఇస్తే నేను తీసుకున్న, నువ్వు ఫొటోలు పంచినవు, నేను సిమ్ములు పంచిన, ఇద్దరం ఒక్కటే అన్నాడు సోమేశ్వర్. నేను చదువు రానోన్ని, నీకేమైంది అన్నాడు మంగ్యా. చదువుకున్నందుకే నాకు కంపెనీ భయం అన్నాడు సోమేశ్వర్. ఇద్దరూ చాలాసేపు అరుచుకున్నారు. అరుపులకు పక్క దుకాణం వాళ్లు వచ్చి, సమ్మె రోజు దుకాణం తెరిచారని గొడవ అనుకుని, సోమేశ్వర్‌నే మందలించి పోయారు.

లోపలి నుంచి సుభాషిణి వచ్చింది. చేతిలో ఫారాల నకళ్ల కట్ట ఉంది. దీపను కూర్చోబెట్టి, ఆఫీసరు ఏమన్నాడో మొదటి నుంచీ చెప్పించుకుంది. కట్ట విప్పి, సంతకం ఉన్నచోట వేలు పెట్టింది.

“ఇది నీ సంతకమా?”

“కాదక్కా. నాకసలు ఎరుకనే లేదు.”

“ముప్పైటికి నేనే పెట్టిన. కొనేటోళ్లకు సంతకం రాదంటే నేనే గీకిన. నీ ఒక్కటే నువ్వు పెట్టుకున్నవు.” మొగుడి వైపు తిరిగింది. “నడువుండ్రి. పోయి చెప్పొద్దాం.”

సోమేశ్వర్ ముఖం పాలిపోయింది. ఏజెన్సీ పోతుందన్నాడు. పోతది అంది. కేసు పెడతారన్నాడు. పెడితే నా మీద పెట్టాలె, చేతిరాత నాది అంది. మనం మన పనేదో చేసుకునేవాళ్లం, మనకెందుకు అన్నాడు. ఒక ఆడపిల్ల పేరును ఆమెను అడగకుండ ముప్పై మందికి అమ్మినం, మనం చేసిన పని గదే అంది. ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నాడు. వెతుకుతూనే గొణిగాడు, కాని వచ్చాడు.

గెస్ట్‌హౌసు గదిలో సుభాషిణి నిలబడలేదు. వరండాలో ఉన్న కుర్చీని తనే లోపలికి తెచ్చుకుని కూర్చుంది. నకళ్ల కట్ట బల్ల మీద పెట్టి, ఈ సంతకాలు తనవని, ఇది కంపెనీకి, దుకాణానికి సంబంధించిన తప్పని, పిల్లకు తెలియదని రాసి ఇచ్చింది. ఆఫీసరు చదివి, అయితే సిమ్ములు కొన్నవాళ్లెవరు అన్నాడు.

“గిరాకీ బాగుండె సార్. ముఖాలు గుర్తులేవు.”

“ముప్పై మందిలో ఒక్కరు కూడా?”

“ముఖం చూసి ఇచ్చేదుంటే ఫొటో చూసి పట్టుకోకపోదునా సార్.”

ఆయన కంప్యూటరులో పావుగంట ఏదో కొట్టాడు. మంగ్యా ఆ టకటకలు వింటూ, ఒక్కో దెబ్బకు ఒక్కో దేవుణ్ని తలుచుకున్నాడు. దేవుళ్లు అయిపోయాక కూడా కొట్టడం సాగింది. చివరికి ఆయన చెప్పాడు. అమ్మాయి పేరు అనుమానం నుంచి తీసేశాడు. కార్డు రేపు వరంగల్‌లో జట్టు బండి దగ్గరికి వస్తుంది. దుకాణం ఏజెన్సీ రద్దు. ముప్పై ఒక్క నంబర్లూ ఇవాళ సాయంత్రం నుంచి బంద్.

“ముప్పై ఒకటా సార్? ఒకటి నాదే, నిజమైనది” అంది దీప.

విడిగా తీయడానికి కంప్యూటరులో దారి లేదన్నాడాయన.

సోమేశ్వర్ తర్వాత అదే దుకాణంలో గాజులు, రిబ్బన్లు పెట్టాడు. ఎవరైనా సిమ్ము ఉందా అని అడిగితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. సుభాషిణి మాత్రం బాగానే ఉంది.

పట్నంలో స్టేడియం గేటు దగ్గర జరిగింది దీప తర్వాత చెప్పింది. కార్డు మెడలో ఉన్నా అక్కడ మళ్లీ ఫొటో తీశారు, పది వేళ్లూ గాజు మీద పెట్టించారు. జేబులో ఉన్న నల్ల రిబ్బను తీసి పక్కన పెట్టించారు, జై తెలంగాణ అనను అని రాయించుకున్నారు. చివరగా ఫోను నంబరు అడిగారు. లేదు అంది. నంబరు లేకుంటే మిషను ముందుకు పోదన్నారు. మీరే బంద్ చేశారు అంటే, మేము కాదు వేరే ఆఫీసు అన్నారు. వెనక వరసలో ఇరవై మంది ఆడపిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. బంద్ అయిన తన నంబరు కాక దీపకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే ఉంది. పొయ్యిలో పడ్డ కాగితం పైన ఉన్నది, కళ్లజోడు ఆఫీసరుది. అదే చెప్పింది. మిషను సంతోషంగా ముందుకు పోయింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆఫీసరు ఫోనుకు మెసేజిలు వచ్చాయి. ప్రియమైన దీపా, పొద్దున అయిదుకు లేవండి. ప్రియమైన దీపా, మూత్ర పరీక్షకు రండి. ప్రియమైన దీపా, మీ గదిలో తువ్వాళ్లు మార్చారు. ఆపమని ఆయన పట్నం ఫోను చేస్తే, మీరే దీప అని మీ వేలిముద్రలతో సహా మా దగ్గర ఉంది అన్నారట.

ఇక్కడ తండాలో ఉన్న ఫోన్లన్నీ చచ్చిపడ్డాయి. పరుగు రోజు మంగ్యా పొద్దుటి నుంచీ వాకిట్లో కూర్చున్నాడు. టీవీ పెడితే అన్ని చానళ్లలోనూ సమ్మె వార్తలే. తండా మొత్తం అతడి చుట్టూ చేరింది. ఉరికిందా లేదా, గెలిచిందా లేదా, అసలు లోపలికి రానిచ్చారా లేదా, అడిగేందుకు ఒక్క ఫోనూ లేదు. ఒకడు అలవాటు కొద్దీ ఫోను చెవికి పెట్టుకుని, తీసి, తిట్టి, మళ్లీ పెట్టుకుంటున్నాడు. నీ బిడ్డ ముఖమున్న సిమ్ము అడవిల మోగుతదంటివి, వాకిట్ల మోగుతలేదు గదా అని కమ్లీ అంది. మంగ్యా తల వంచుకున్నాడు. ఫోన్లు పోతేపోనీ, తన చేత్తో ఇచ్చిన ఫొటోల వల్ల పిల్ల పరుగు ఆగిందన్న మాట మాత్రం వినవలసి రాకూడదని మొక్కుకుంటున్నాడు.

పొద్దు వాలుతుండగా మోటారు సైకిలు మీద ఒక కానిస్టేబులు వచ్చాడు.  వీరేందర్ గోడ దూకి చేనులో పడ్డాడు. కానిస్టేబులు దిగి, మంగ్యా ఎవరని అడిగి, జేబులోంచి చీటీ తీసి చదివాడు.

“సారు ఫోనుకు మెసేజొచ్చిందట. దీప అయిదో నంబరు వచ్చిందట. పదకొండు దేశాలల్ల.”

మంగ్యా లేచి నిలబడ్డాడు.

“ఉరికిందా?”

“ఉరకకుంట అయిదో నంబరు ఎట్లొస్తది నాయినా?”

కమ్లీ కొంగుతో ముఖం కప్పుకుంది. తండాలో డప్పు మోగింది. మంగ్యా కానిస్టేబులు చేయి పట్టుకుని, సారు ఇంకేమైనా చెప్పిండా అని అడిగాడు. చెప్పిండు, మా వల్ల తప్పయింది, పిల్లను ఉత్తగ పరేషాన్ చేసినం, మన్నించమన్నడు అన్నాడు కానిస్టేబులు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఆ చివరి మాట ఒక్కటే నేను కల్పించింది. ముప్పై ఒక్క సిమ్ములు నిజం, పెళ్లి లడ్డూ నిజం, ఆఫీసరుకు వచ్చిన తువ్వాళ్ల కబురు కూడా నిజమే. మంగ్యా అంత ఆశగా అడిగితే ఏదో ఒకటి చెప్పకుండా ఎట్లా ఉంటామని ఆ మన్నింపు నేనే పెట్టాను. కానిస్టేబులు నిజంగా చేసింది ఏమిటంటే, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, చీటీ వెనక్కి తిప్పి కలం తీశాడు. “ఇగ కొత్త సిమ్ములు ఎవరెవరు తీసుకున్నరో చెప్పుండ్రి” అన్నాడు. అంత మాట కల్పించడం నాకు చేతకాదు.